చెల్సీ 1914-15: పంతొమ్మిదో స్థానం వెనకున్న లెక్కలు

లండన్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఆర్సెనల్, టోటెన్‌హామ్ అభిమానుల మధ్య వందేళ్లుగా ఒక తగవు నడుస్తోంది. 1919లో ఇంగ్లండ్ లీగ్ మొదటి డివిజన్‌లోని ఒక స్థానానికి క్లబ్బులు ఓట్లు వేసినప్పుడు, ఆర్సెనల్ తన పలుకుబడితో టోటెన్‌హామ్ స్థానాన్ని లాక్కుందని ఒక పక్షం అంటుంది. కొందరైతే లంచం మాట కూడా ఎత్తుతారు. ఈ తగవు గురించి రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే క్లబ్బు మూడోది ఒకటుంది. అది చెల్సీ. ఆ ఓటింగ్ దాకా వ్యవహారం రావడానికి కారణం చెల్సీ 1914-15 సీజన్. ఆ ఏడాది చెల్సీ లీగ్‌లో కింది నుంచి రెండో స్థానంలో మిగిలింది, అదే ఏడాది ఎఫ్‌ఏ కప్పు (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ నడిపే నాకౌట్ పోటీ) ఫైనల్ ఆడింది, చివరికి తాను ఆడని ఒక మ్యాచ్ వల్ల నష్టపోయింది.

డబ్బు కోసం ముందే స్కోరు తేల్చుకుని ఆడిన మ్యాచ్, దాని వల్ల చెల్సీకి జరిగిన నష్టం, నాలుగేళ్ల తర్వాత ఆర్సెనల్‌కు దక్కిన ఓట్లు. ఈ మూడూ వేర్వేరు సంగతులు. వీటిని ఒకే కుట్రగా చెబితే కథ రక్తి కడుతుంది గానీ లెక్క కుదరదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ కాలం నియమాలు తెలియాలి. మొదటి డివిజన్‌లో 20 క్లబ్బులు, ఒక్కోదానికి 38 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. అడుగున మిగిలిన రెండు క్లబ్బులు రెండో డివిజన్‌కు దిగాలి, అక్కడి మొదటి రెండు పైకి రావాలి. మ్యాచ్ మధ్యలో ఆటగాడిని మార్చే వీల్లేదు. ఒకడికి దెబ్బ తగిలితే మిగతా పదిమందే ఆట ముగించాలి.

పాయింట్లు సమానమైతే చూసేది గోల్ తేడా కాదు, గోల్ సగటు. అంటే వేసిన గోల్స్‌ను తిన్న గోల్స్‌తో భాగించాలి. ఐపీఎల్‌లో పాయింట్లు సమానమైనప్పుడు నెట్ రన్ రేట్ చేసే పని ఇక్కడ ఈ సగటు చేసేది. ఇంగ్లండ్‌లో ఇది 1976 వరకు చెలామణిలో ఉంది. దీనికో గుణముంది: ఎక్కువ గోల్స్ వేసి ఎక్కువ తిన్న జట్టుకూ, తక్కువ వేసి తక్కువ తిన్న జట్టుకూ తేడా ఒకటే ఉన్నా సగటు ఒకటి కాదు. 1914-15 పట్టిక అడుగు భాగమే దానికి మంచి ఉదాహరణ:

బోల్టన్ వాండరర్స్, 17వ స్థానం: 11 గెలుపులు, 8 డ్రాలు, 19 ఓటములు, గోల్స్ 68-84, 30 పాయింట్లు
మాంచెస్టర్ యునైటెడ్, 18వ స్థానం: 9 గెలుపులు, 12 డ్రాలు, 17 ఓటములు, గోల్స్ 46-62, 30 పాయింట్లు
చెల్సీ, 19వ స్థానం: 8 గెలుపులు, 13 డ్రాలు, 17 ఓటములు, గోల్స్ 51-65, 29 పాయింట్లు
టోటెన్‌హామ్, 20వ స్థానం: 8 గెలుపులు, 12 డ్రాలు, 18 ఓటములు, గోల్స్ 57-90, 28 పాయింట్లు

బోల్టన్, యునైటెడ్ రెండూ వేసినదాని కంటే 16 గోల్స్ ఎక్కువ తిన్నాయి. అయినా బోల్టన్ సగటు 0.810, యునైటెడ్‌ది 0.742. అందుకే బోల్టన్ పైన నిలిచింది. మనకు ఇంకా ముఖ్యమైన అంకె చెల్సీ సగటు: 0.785. అది యునైటెడ్ సగటు కంటే మెరుగు. ఈ అంకెను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇక ఆ ఏడాది వాతావరణం. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. అయినా సెప్టెంబరులో లీగ్ యథాప్రకారం మొదలైంది. యువకులు సైన్యంలో చేరాల్సిన వేళ వేలమంది శనివారం మధ్యాహ్నాలు ఆట చూస్తున్నారని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. డిసెంబరులో ఫుల్హామ్ టౌన్‌హాల్‌లో సభ పెట్టి, ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసమే మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌లో 17వ బెటాలియన్ ప్రారంభించారు. జనం తగ్గారు, గేటు వసూళ్లు పడిపోయాయి. ఈ సీజన్ ముగిశాక మళ్లీ లీగ్ ఎప్పుడు జరుగుతుందో, తమకు జీతం ఎప్పుడొస్తుందో ఆటగాళ్లలో ఎవరికీ తెలియదు.

ఆ జీతమూ అంతంతమాత్రమే. 1901 నుంచి వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నియమం. 1910లో సడలించాక, ఒకే క్లబ్బులో కొన్నేళ్లు గడిపినవాడు 5 పౌండ్ల దాకా అందుకోగలిగాడు. ఎన్ని కప్పులు గెలిచినా, ఎన్ని గోల్స్ వేసినా అంతే. మరోపక్క స్కోరు మీద పందెం కాసే కూపన్లు చేతులు మారుతుండేవి. వీధుల్లో పందేలను 1906 చట్టం నిషేధించినా ఆ వ్యాపారం ఆగలేదు.

1915 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ తలపడ్డాయి. యునైటెడ్ అడుగున కొట్టుమిట్టాడుతోంది. లివర్‌పూల్ పట్టిక మధ్యలో ఉంది, దానికి భయమూ లేదు, ఆశా లేదు. యునైటెడ్ 2-0తో గెలుస్తుందన్న పందేనికి బుకీలు ఇచ్చిన రేటు 7కు 1. అంటే 10 పౌండ్లు కాస్తే 70 పౌండ్ల లాభం, 5 పౌండ్ల జీతగాడికి పద్నాలుగు వారాల సంపాదన.

రెండు జట్లలోని కొందరు కలిసి అదే స్కోరు తేల్చుకున్నారు. ముఖ్య సూత్రధారి లివర్‌పూల్ ఆటగాడు జాకీ షెల్డన్. అతను అంతకుముందు యునైటెడ్‌లో ఆడినవాడు కాబట్టి రెండు డ్రెస్సింగ్ రూముల్లోనూ అతనికి పరిచయాలున్నాయి. ఇలాంటి ఒప్పందానికి అలాంటి మనిషే కావాలి.

కచ్చితమైన స్కోరు మీద కాసిన పందెంలో ఒక చిక్కుంది. ఓడిపోవడమే లక్ష్యమైతే మామూలుగా బద్ధకంగా ఆడితే చాలు, ఎవరూ పట్టించుకోరు. 2-0 కావాలంటే రెండు గోల్స్ పడాలి, మూడోది పడకూడదు, ఎదుటివాళ్లకు ఒక్కటీ రాకూడదు. అంటే రెండో గోల్ పడిన క్షణం నుంచి రెండు జట్లూ ఏమీ జరగకుండా కాపలా కాయాలి. పైగా ఒప్పందంలో లేని ఆటగాళ్లు నిజాయితీగా ఆడుతూనే ఉంటారు, వాళ్లకు బంతి అందకుండా చూడాలి. ఇదంతా స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. ఆ రోజు జరిగిందీ అదే. జార్జ్ ఆండర్సన్ రెండు గోల్స్ వేశాడు. ఒక పెనాల్టీ గోల్‌పోస్టుకు చాలా దూరంగా పోయింది. చివర్లో లివర్‌పూల్ ఫార్వర్డ్ ఫ్రెడ్ పాగ్నమ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలితే, సొంత జట్టు ఆటగాళ్లే అతని మీద విరుచుకుపడ్డారు. ప్రత్యర్థి గోల్ మీదికి బంతి కొట్టినందుకు తిట్లు తినడం చూశాక ప్రేక్షకులకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆ స్కోరు మీద పెద్ద మొత్తాల్లో పందేలు పడ్డాయని బుకీలు కొద్ది రోజుల్లోనే గుర్తించారు. సమాచారం ఇచ్చినవారికి బహుమతి ప్రకటిస్తూ కరపత్రాలు వెలువడ్డాయి. విచారణ సంఘం 1915 డిసెంబరులో తీర్పు చెప్పింది. యునైటెడ్ నుంచి శాండీ టర్న్‌బుల్, ఆర్థర్ వాలీ, ఈనాక్ వెస్ట్. లివర్‌పూల్ నుంచి షెల్డన్, టామ్ మిల్లర్, బాబ్ పర్సెల్, టామ్ ఫెయిర్‌ఫౌల్. వీళ్లతోపాటు వేరే క్లబ్బుకు చెందిన లారెన్స్ కుక్. అందరికీ జీవితకాల నిషేధం. పాగ్నమ్ విచారణలో తోటి ఆటగాళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. యునైటెడ్ వింగర్ బిల్లీ మెరిడిత్ తనకు ఒప్పందం సంగతి తెలియదని, అయితే ఎవరూ తనకు బంతి ఇవ్వకపోయేసరికి అనుమానం వచ్చిందని చెప్పాడు.

ఈ తీర్పులో చెల్సీకి సంబంధించిన వాక్యం ఒక్కటే: మ్యాచ్ ఫలితం మారదు. క్లబ్బులకు ఈ కుట్రలో భాగం లేదు, ఆటగాళ్లు తమ జేబుల కోసం చేశారు, కాబట్టి క్లబ్బులకు శిక్ష లేదు. తర్కంగా చూస్తే అది తప్పు కాదు. సాక్ష్యాలూ క్లబ్బు యాజమాన్యాల వైపు వేలెత్తలేదు. అయితే యునైటెడ్‌ను శిక్షించకపోవడం వేరు, అక్రమంగా వచ్చిన 2 పాయింట్లను దాని ఖాతాలోనే ఉంచడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం ఆ తీర్పులోని లోపం.

ఎందుకో పై పట్టికతో లెక్క కట్టి చూడవచ్చు. మిగతా ఫలితాలన్నీ అలాగే ఉంచి, ఈ ఒక్క మ్యాచ్‌ను మారుద్దాం. యునైటెడ్ ఓడిపోయి ఉంటే దానికి 28 పాయింట్లే. చెల్సీ 29తో పైన ఉండేది. అది తేలిక లెక్క. డ్రా అయి ఉంటే? ఇద్దరికీ 29. అప్పుడు గోల్ సగటు చూడాలి. 0-0 అయితే యునైటెడ్ గోల్స్ 44-62, సగటు 0.710. 1-1 అయితే 45-63, సగటు 0.714. 2-2 అయినా 0.719 దాటదు. చెల్సీ సగటు 0.785. అంటే డ్రా కూడా యునైటెడ్‌ను కాపాడేది కాదు, గెలిస్తేనే బతుకుతుంది.

అలాగని చెల్సీకి ఖాయంగా దక్కాల్సిన స్థానం పోయిందని చెప్పడం కూడా సరికాదు. సొంత మైదానంలో, ఏ ఆశలూ లేని లివర్‌పూల్ మీద యునైటెడ్ న్యాయంగానే గెలిచి ఉండవచ్చు. చెల్సీ కూడా 38 మ్యాచ్‌ల్లో 8 మాత్రమే గెలిచింది, 65 గోల్స్ తిన్నది. తన గుంత సగం తనే తవ్వుకుంది. చెల్సీ పోగొట్టుకున్నది ఆ పాయింట్లు న్యాయంగా తేలే అవకాశం. ఒక్క పాయింట్ తేడాతో కిందికి పడిన జట్టుకు అది చిన్న విషయం కాదు.

టోటెన్‌హామ్ సంగతి? యునైటెడ్ ఓడి 28కి దిగినా, సగటులో టోటెన్‌హామ్ (0.633) కంటే పైనే ఉండేది. ఫిక్సింగ్ జరిగినా జరగకపోయినా టోటెన్‌హామ్‌ది ఇరవయ్యో స్థానమే. ఆ మ్యాచ్ వల్ల టోటెన్‌హామ్ నష్టపోయిందన్న ప్రచారానికి ఈ పట్టికలో ఆధారం లేదు.

లీగ్‌లో ఇంత పేలవంగా ఆడిన చెల్సీ కప్పులో మాత్రం వేరే జట్టులా కనిపించింది. స్విండన్‌తో మొదటి మ్యాచ్ 1-1, మళ్లీ ఆడితే 5-2. తర్వాత ఆర్సెనల్‌పై 1-0, మాంచెస్టర్ సిటీపై 1-0, న్యూకాసిల్‌తో 1-1 తర్వాత 1-0. విల్లా పార్క్‌లో జరిగిన సెమీఫైనల్లో ఎవర్టన్‌పై 2-0. ఆ ఎవర్టనే ఆ ఏడాది లీగ్ ఛాంపియన్. ఫైనల్‌తో కలిపి కప్పులో 8 మ్యాచ్‌లు. కప్పు మ్యాచ్ శనివారం పడితే లీగ్ మ్యాచ్ వారం మధ్యకు జరిగేది. ఆ ఏడాది వారం మధ్య మ్యాచ్‌లంటేనే అధికారులకు గిట్టలేదు, ఆయుధ కర్మాగారాల్లో పనివాళ్లు డ్యూటీ ఎగ్గొడతారని. బ్రాడ్‌ఫర్డ్ సిటీ, నార్విచ్ కప్పు మ్యాచ్ రెండోసారి తిరిగి ఆడాల్సి వచ్చినప్పుడు ప్రేక్షకులను రానివ్వకుండా లింకన్‌లో జరిపించారు. కప్పులో ముందుకు వెళ్లే కొద్దీ సబ్‌స్టిట్యూట్లు లేని జట్టు మీద ఎంత భారం పడుతుందో ఊహించుకోవచ్చు.

కప్పు ఫైనల్ అంతకుముందు ఏళ్లలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగేది. దాన్ని నౌకాదళం తీసుకోవడంతో 1915 ఫైనల్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు మారింది. అంటే తన పంతొమ్మిదో స్థానాన్ని తేల్చిన మ్యాచ్ జరిగిన గడ్డ మీదే, 22 రోజుల తర్వాత, ఏప్రిల్ 24న చెల్సీ షెఫీల్డ్ యునైటెడ్‌తో తన మొట్టమొదటి ఎఫ్‌ఏ కప్పు ఫైనల్ ఆడింది. 49,557 మంది వచ్చారు. వాళ్లలో యూనిఫాం వేసుకున్న సైనికులు ఎంతమందంటే దానికి ఖాకీ కప్పు ఫైనల్ అన్న పేరు స్థిరపడింది.

ఆ ఫైనల్‌కు ముందు జరిగిన ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. వివియన్ వుడ్‌వర్డ్ చెల్సీలో జీతం తీసుకోని ఆటగాడు, 1908, 1912 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన బ్రిటన్ జట్టు కెప్టెన్. సైన్యంలో ఉన్న అతనికి ఫైనల్ ఆడేందుకు సెలవు దొరికింది. చెల్సీ సెంటర్ ఫార్వర్డ్ బాబ్ థామ్సన్‌కు మోచేతి గాయం, అతని బదులు వుడ్‌వర్డ్ ఆడాలని అనుకున్నారు. థామ్సన్ కోలుకున్నాడని తెలియగానే వుడ్‌వర్డ్ పక్కకు తప్పుకున్నాడు. జట్టును ఫైనల్ దాకా తెచ్చినవాడే ఆడాలన్నది అతని పట్టుదల. కొందరు స్కోరును ముందే అమ్ముకున్న నెలలోనే, మరొకడు తనకు చేతికందిన ఫైనల్‌ను వదులుకున్నాడు.

మ్యాచ్ ఏకపక్షం. షెఫీల్డ్ యునైటెడ్ తరఫున సిమన్స్, ఫజాకర్లీ, కిచెన్ గోల్స్ వేశారు. 3-0. కప్పు అందించిన లార్డ్ డెర్బీ, ఇక అందరూ కలిసి దేశం కోసం ఇంకో ఆట ఆడాలని ప్రసంగించాడు. తర్వాత నాలుగేళ్లు లీగూ లేదు, కప్పూ లేదు.

ఇప్పుడు 1919. యుద్ధం ముగిసింది. లీగ్‌ను మళ్లీ మొదలుపెట్టేముందు మొదటి డివిజన్‌ను 20 నుంచి 22 క్లబ్బులకు పెంచాలని నిర్ణయించారు. 1914-15 రెండో డివిజన్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన డెర్బీ కౌంటీ, ప్రెస్టన్ నార్త్ ఎండ్ పైకి వస్తాయి. అడుగు రెంటిని వదిలేస్తే పాతవి 18, వీటితో కలిపి 20. మిగిలేవి రెండు స్థానాలు. చెల్సీ విషయంలో పేచీ రాలేదు, పోటీ లేకుండానే దాన్ని ఉంచేశారు. విచారణ సంఘం ముట్టుకోని పాత ఫలితాన్ని ఇప్పుడూ ఎవరూ ముట్టుకోలేదు. యునైటెడ్‌ను దించకుండా చెల్సీకి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే మార్గం విస్తరణ రూపంలో దొరికింది, లీగ్ దాన్ని వాడుకుంది. మంచి పరిష్కారమే. చెల్సీ వరకు కథ ఇక్కడ ముగిసింది.

మిగిలిన ఆ ఒక్క స్థానానికే 1919 మార్చి 10న మాంచెస్టర్‌లో ఓటింగ్ జరిగింది. ఆర్సెనల్‌కు 18, టోటెన్‌హామ్‌కు 8, బార్న్‌స్లీకి 5, వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌కు 4, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 3, బర్మింగ్‌హామ్‌కు 2, హల్ సిటీకి 1. మొత్తం 41 ఓట్లు. ఆర్సెనల్‌కు సగం ఓట్లు కూడా రాలేదు. మిగతా 23 ఓట్లు ఆరు క్లబ్బుల మధ్య చీలిపోవడంతో అది గెలిచింది.

ఎవరికి హక్కుందని అడిగితే మూడు కొలతలు పెట్టవచ్చు. మొదటిది పాత సంప్రదాయం. 1905లో మొదటి డివిజన్‌ను 18 నుంచి 20కి పెంచినప్పుడు అడుగున ఉన్న బరీ, నాట్స్ కౌంటీ రెంటినీ దించకుండా ఉంచేశారు. ఆ లెక్కన చెల్సీతోపాటు టోటెన్‌హామ్ కూడా ఉండాలి. టోటెన్‌హామ్ పక్షాన గట్టి వాదన ఇదే గానీ, ఫిక్సింగ్ కాదు. రెండోది 1914-15 రెండో డివిజన్ పట్టిక. డెర్బీ, ప్రెస్టన్ తర్వాత మూడోది బార్న్‌స్లీ, నాలుగోది వుల్వర్‌హాంప్టన్. ఆర్సెనల్, బర్మింగ్‌హామ్ రెంటికీ 43 పాయింట్లే. ఆర్సెనల్ గోల్స్ 69-41, బర్మింగ్‌హామ్‌వి 62-39, సగటులో 1.683కి 1.590. అలా ఆర్సెనల్ ఐదోది. మూడో కొలత లీగ్‌లో ఎంత పాత సభ్యులన్నది. లీగ్ అధ్యక్షుడు జాన్ మెకెన్నా ఆర్సెనల్ తరఫున మాట్లాడుతూ ముందుకు తెచ్చింది దీన్నే. ఆర్సెనల్ 1893లో చేరింది, టోటెన్‌హామ్ 1908లో. పదిహేనేళ్ల తేడా నిజమే. కానీ వుల్వర్‌హాంప్టన్ 1888లో లీగ్‌ను స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. ఏ కొలత పెట్టినా ఆర్సెనల్ మొదటి వరుసలో నిలవదు.

అయినా 18 ఓట్లు పడ్డాయంటే దానివెనక హెన్రీ నారిస్ ఉన్నాడు. ఆర్సెనల్ ఛైర్మన్, 1918 నుంచి పార్లమెంటు సభ్యుడు. 1913లో ఆగ్నేయ లండన్‌లోని ప్లమ్‌స్టెడ్ నుంచి క్లబ్బును ఉత్తర లండన్‌లోని హైబరీకి, టోటెన్‌హామ్ ఇలాకా అంచుకు తరలించినవాడు. ఆ కొత్త మైదానం మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే మొదటి డివిజన్ తప్పనిసరి. క్లబ్బుల మద్దతు కూడగట్టాడు. పాత సభ్యత్వం అన్న వాదనను అధ్యక్షుడి నోటి నుంచే పలికించగలిగాడు. లంచం ఇచ్చాడనడానికి మాత్రం ఇంతవరకు ఆధారమేదీ దొరకలేదు. 1927లో ఎఫ్‌ఏ అతన్ని ఫుట్‌బాల్ నుంచి బహిష్కరించింది నిజమే, కానీ అది క్లబ్బు డబ్బు వాడకం గురించిన వేరే కేసు. తర్వాతి నేరాన్ని ముందటి ఓటింగ్‌కు అంటగట్టడం వల్లనే లంచం కథ ఇంతగా పాతుకుపోయింది. ఓట్లు కూడగట్టడం ఆ రోజుల్లో నిషిద్ధం కాదు, అందరూ చేసేదే. నారిస్ మిగతావారి కంటే బాగా చేశాడు. ఫలితం న్యాయమా అంటే, నా అభిప్రాయంలో కాదు. 1905 సంప్రదాయాన్ని బట్టి టోటెన్‌హామ్‌ను ఉంచాల్సింది.

  

నిషేధానికి గురైన ఆటగాళ్లలో వెస్ట్ తప్ప మిగిలినవారికి 1919లో ఆంక్షలు తొలగించారు. 1909 ఎఫ్‌ఏ కప్పు ఫైనల్లో యునైటెడ్ గెలుపు గోల్ వేసిన టర్న్‌బుల్ పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అప్పటికి అతను బతికి లేడు, 1917 మేలో ఆరాస్ యుద్ధరంగంలో చనిపోయాడు. వెస్ట్ తాను నిర్దోషినని చివరిదాకా అన్నాడు, పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు. అతని నిషేధం 1945లో ఎత్తేసే నాటికి అతనికి 59 ఏళ్లు.

విస్తరణ తర్వాతి మొదటి సీజన్, 1919-20లో, దయతో ఉంచారనుకున్న చెల్సీ మొదటి డివిజన్‌లో మూడో స్థానానికి ఎగబాకింది. ఆర్సెనల్ 10వది, మాంచెస్టర్ యునైటెడ్ 12వది. టోటెన్‌హామ్ రెండో డివిజన్‌లో 42 మ్యాచ్‌ల్లో 70 పాయింట్లు, 102 గోల్స్‌తో మొదటి స్థానంలో నిలిచి, ఒక్క ఏడాదిలోనే పైకి తిరిగి వచ్చింది.